మా వీధికి రాని పీరు

మా చిన్నప్పుడు... పీర్ల పండగ ఆఖరి రోజు మా వీధిలో ఒక్క మగ్గమూ ఆడేది కాదు. ధర్మవరం షావుకార్లకు పట్టుచీరలు నేసిచ్చే ఇళ్ళు మావి. హిందువులమే... అయినా పొద్దున్నే కల్లాపి చల్లి, పీరు ఎప్పుడొస్తుందా అని గడపల దగ్గరే కాచుకునేవాళ్ళం.

మా అవ్వకు మొదట పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదట. పీరుకు మొక్కుకున్నాక మా నాయన పుట్టాడు. అందుకే ఫకీరప్ప అని పేరు పెట్టింది. ఏటా పీరును ఎత్తుకున్నాయన కాళ్ళ మీద బిందెడు నీళ్ళు పోస్తే గానీ అవ్వ ముద్ద ముట్టేది కాదు.

ఒక ఏడు తప్పెట్ల దగ్గర కుర్రాళ్ళు తోసుకున్నారు. సాయంత్రానికల్లా సర్దుకున్న గొడవే అది. అయినా మరుసటి ఏడు పండగకు ముందు మా వీధి పెద్దలు స్టేషన్‌కు వెళ్ళి, ఊరేగింపును ఇటు రానివ్వద్దన్నారు. గొడవలవుతాయని అనుమానం వస్తే దారి మార్చే అధికారం పోలీసులకు ఉంది కదా... బస్టాండు రోడ్డుకు మళ్ళించేశారు.

అవ్వకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. బిందె పక్కన పెట్టుకుని కూర్చుంది... తప్పెట్ల చప్పుడు దగ్గరికి రావాల్సింది పోయి దూరమైపోతోంది. బిందె చంకనెత్తుకుని లేచింది. నేనూ వెంటపడ్డాను. బస్టాండు దగ్గర తాడు కట్టి జనాన్ని ఆపేశారు. ఒక్క నిమిషం వదలమని అవ్వ కానిస్టేబుల్‌ను బతిమాలింది.

"మీ వీధోళ్ళే వద్దన్నారు కదవ్వా. ఫకీరప్పన్నే ముందుండి చెప్పినాడు."

ఆ ఫకీరప్ప తన కొడుకేనని అవ్వ చెప్పలేదు. తాడుకు ఇవతలే, మట్టిలో నీళ్ళు పోసేసి వెనక్కి తిరిగింది. నాకు ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక నాయనతో ఒక్క మాటే అంది.

"నువ్వు యాడనుంచి వచ్చినావో ఆ దావే మూసినావు కదరా."

అందరూ రమ్మంటే వెళ్ళానని నాయన గొణిగాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఈ ఏడు మేము కొందరం స్టేషన్‌కు వెళ్ళి, పీరును మళ్ళీ మా వీధికి రానివ్వమని అడిగాం. ఇన్నేళ్ళుగా నడుస్తున్న మామూలు దారి బస్టాండు రోడ్డేనట... కొత్త దారికి అనుమతి ఇవ్వరట. మా వీధి కొత్త దారి అయిపోయింది! అసలెందుకు మారిందని ఎస్సై అడిగితే, ఫకీరప్ప కూతుర్నని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మీ వీధికి రావడం మానేసిన ఊరేగింపు ఏదైనా ఉంటే రాయండి... ఎవరు ఆపించారో కూడా రాయండి. మాకైతే పోలీసుల మీద నెట్టేసే వీలు కూడా లేదు. మేమే అడిగి మరీ మూయించుకున్నాం.