తప్పుల బాలమల్లు

శామీర్‌పేట బాలమల్లు బొమ్మ గీసిండంటే ఎద్దు ఒంటి మీది వెంట్రుకలు గూడ లెక్కవెట్టొచ్చు. కాని ఒక్క తప్పు లేకుంట మాత్రం ఒక్క బొమ్మ గియ్యడు. అదేం రోగమో గని, అంత పాణం వోసి గీసినంక ఎక్కడో ఓ కాడ ఎవుసం ఎరుకలేనోని లెక్క దొరికిపోతడు.

మొదట్ల జీడిమెట్ల కంపెనీలకు బోర్డులు రాసెటోడు. ఊర్లె నాగండ్లు పోయి ట్రాక్టర్లొచ్చినయి. ట్రాక్టర్లు గూడ పోయి ప్లాట్ల హద్దురాళ్లు లేసేసరికి వానికి మనసున వట్టలే. బోర్డులు బంద్ వెట్టిండు. "పోతున్న ఎవుసాన్నంత గీసి పెడ్త" అని రోడ్డు పక్కన రేకుల షెడ్డుల కూసున్నడు. పని మంచిదే. గా తప్పులతోనే వచ్చింది తంటా.

ఆ తప్పుల్ని మొదలు పట్టుకున్నది వానికి వరుసకు మామ అయ్యే సత్తయ్య, అదే ఊరి ఐలమ్మ పెనిమిటి. అప్పటికి సత్తయ్యతోని ఐలమ్మ మస్తు పరేషాన్ల ఉన్నది. రెండువేల సంవత్సరం అటీటుగ తుర్కపల్లి దిక్కు కంపెనీలు వచ్చినంక, ఉన్న మూడెకరాలు ప్లాట్లకు పోయినయి. గా దినం సంది మనిషి మంచం దిగడు, మాట్లాడడు. కంచం ముందర వెడితే రెండు బుక్కలు తిని నూకేస్తడు. మేడ్చల్‌ల డాక్టర్ చూసి రోగమేం లేదన్నడు.

"రోగం లేకుంటనే గిట్ల ఎండిపోతాండా? ఏదన్న రోగమున్నా బాగుండు, గోలీ ఏసేదాన్ని" అని ఐలమ్మ ఏడ్సింది.

ఓనాడు బీడీలు తెచ్చుకోమని బలవంతంగ బయటికి తోలింది. గంటైనా రాలే. పోయి చూస్తే ఏమున్నది? నాలుగు నెలల సంది నోరు తెరవని మనిషి, షెడ్డు ముందర మెడ నరాలు ఉబ్బంగ ఒర్లుతాండు.

"ఏందిర అల్లుడా గిది? తూర్పార పట్టెటోడు గాలికి ఎదురుంగ నిలవడ్తడా? పొట్టంత వాని నోట్లెనే పడ్తది గదరా!"

"గాలి దిక్కు గూడ చూడాల్నా మామా?" అన్నడు బాలమల్లు, నోరెళ్లవెట్టి.

"గాలి దిక్కు చూడక నీ మొఖం చూడాల్నా?"

ఆ పూట సత్తయ్య రెండు రొట్టెలు తిన్నడు. తినుకుంట గూడ తిట్టిండు.

మరునాటి సంది ఇదే కథ. మోట బొమ్మల బొక్కెన నిండ నీళ్లతోని పైకొస్తాంటది, ఎద్దులేమో బాయి దిక్కే నడుస్తాంటయి. "ఎద్దులు బాయిల దుంకి సావాల్నా? నీళ్లు గుంజేటప్పుడు బాయికి ఈపు వెట్టి దిగువకు నడవాలె!" పాలు పిండే బొమ్మల దూడను తల్లి తోక కాడ కట్టేసి ఉంటడు. "బిడ్డ మొఖం చూడంది ఆవు పాలు చేపుతదార? ముందర కట్టు!" బాలమల్లు నాలుక కరుసుకుంటడు, గీకేస్తడు, మల్ల గీస్తడు. "నువ్వు లేకుంటే నా ఇజ్జత్ పోతుండె మామా" అంటడు. తాతల కాలం సంది ఎవుసం చేసిన ఇంట్ల పుట్టినోనికి బుర్ర ఏడవాయెనని ఊరంత నవ్వుకున్నది.

ఓ ఎండపూట ఐలమ్మ సత్తయ్యకని సల్ల చెంబు పట్టుకొని షెడ్డుకు పోయింది. ఇద్దరు లేరు. చెంబు వెడదామని లోపటికి పోతే, గోడకు మొఖం తిప్పి ఆనిచ్చిన బొమ్మలు కనవడ్డయి. ఒకటి తిప్పి చూసింది. తూర్పార. పొట్టు గాలి పోయే దిక్కే పోతాంది. ఇంకోటి తిప్పింది. మోట. ఎద్దులు దిగువకే నడుస్తాన్నయి. దూడ తల్లి ముందర్నే ఉన్నది. ఒక్క తప్పు లేదు, మీద బెత్తెడు దుమ్ము. ఎప్పటివో పాతయి!

పక్కన గోడకు కొట్టిన మొలకు ఓ కాయితం గుచ్చి ఉన్నది. రాత్రిబడిల నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కొని చదివింది. "సోమవారం: కల్లం కాడ ఎద్దుకు చిక్కం మూతికి గాదు, కొమ్ములకు. బుధవారం: మంచె మీదికి ఎక్కిన కావలోడు, ఎక్కేటందుకు నిచ్చెన లేదు."

అప్పుడే టీ తాగి వచ్చిన బాలమల్లు గుమ్మంలనే కొయ్యబారిండు.

"దొంగోడా!" అన్నది ఐలమ్మ. "అన్ని ఎరుకుండి తిట్లు తింటానవా?"

"మామకు చెప్పకు అత్తా, నీ కాల్మొక్త. మా నాయిన గూడ భూమి పోయినంక గోడ దిక్కు చూసుకుంటనే కూసుండె. అప్పుడు నాకు గీ తెలివి రాలే." తల గోక్కున్నడు. "కాని ఇప్పుడు పెద్ద ముసీబత్ వచ్చింది. తప్పులు ఒడిసినయి. గా కాయితం మీది రెండే మిగిలినయి."

ఐలమ్మకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దాని ఎంబడే నవ్వొచ్చింది. ఖాళీ డబ్బా బోర్లేసుకొని కూసున్నది.

"మొగోళ్ల పనులే గీస్తివి, ఒడవక ఏమైతయి? రాసుకో. నాటేసే ఆడోళ్లు ముందరికి నడుసుకుంట నాటేస్తున్నట్టు గియ్యి."

బాలమల్లు ఉరికి మొలకున్న కాయితం అందుకున్నడు. ఎవుసంల ఇంత పెద్ద తప్పుంటదని వాడు కలల గూడ అనుకోలే.

నాలుగొద్దులకు బొమ్మ తయారైంది. సత్తయ్య వచ్చి చూసిండు. తిట్టలే. ఉలకలే, పలకలే. మల్ల మంచమెక్కుతడేమోనని ఐలమ్మ పాణం జల్లుమన్నది.

సత్తయ్య దోతి మోకాళ్ల మీదికి ఎగ్గట్టిండు. కుంచెలన్ని గుంజుకున్నడు. నడుం వంచి, ఒక్కో కుంచె కింద వెట్టుకుంట ఎనుకకు నడువవట్టిండు.

"గిట్లరా! ఎనుకకు! ముందరికి పోతే ఏసిన నారంత కాళ్ల కింద నలుగుతది!"

ఎనుకకు పోయి పోయి పచ్చరంగు డబ్బాల కాలేసి కూలవడ్డడు. ఇద్దరు ఉరికొచ్చి చూస్తే, కింద కూసొనే కడుపువట్టుకొని నవ్వుతాండు.

"వరుస వంకర పోయింది" అన్నది ఐలమ్మ. "నలభై ఏండ్లు ఒడ్డు మీద నిలవడి చూసినోనివి, నాటేసుడు నీకేం ఎరుక? జరుగు." కొంగు బొడ్ల చెక్కుకొని, అవే కుంచెలతోని తాడు పట్టినట్టు వరుస తీసింది.

సత్తయ్య ఆమె దిక్కే చూసిండు. "అల్లుడా, గీమెను గియ్యి. ఒక్క తప్పు లేకుంట గియ్యి."

బాలమల్లు పెన్సిల్ అందుకొని ఏమెరుగనట్టు అడిగిండు. "మంచిది మామా. మరి నాటేసేటప్పుడు అత్త చేతిల కొడవలి పెట్టాల్నా, ముల్లుగర్ర పెట్టాల్నా?"

సత్తయ్య తిట్లు అందుకున్నడు. ఐలమ్మ జల్దీ ఇంటికి నడిసింది. గా తిట్లు ఒడిసేసరికి మనిషికి మస్తు ఆకలైతది.