హాజరు పట్టీలో ఎర్ర గీత

సముద్రానికి హద్దు గీసిన దేవునికి, ఆ హద్దుకు ఆవల ఉన్నవారిని సైతం పేరు పేరునా ఎరిగిన దేవునికి మహిమ కలుగును గాక. గర్వంతో వెళ్లి తలవంచుకొని తిరిగివచ్చిన ప్రయాణమిది. మన సంఘాల నుండి పెద్దవాళ్లకు చదువు చెప్పే పనికి వెళ్లదలచిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నా తప్పు మళ్లీ చేయకూడదని, ఏదీ దాచకుండా రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ఎనభై దాటిన కొత్తలో ఊరూరా వయోజన విద్యా కేంద్రాలు తెరుస్తున్నారు. వాటిలో పాఠం చెప్పే యువకులకు పది రోజులు శిక్షణ ఇవ్వడం నా పని. భీమిలికి ఉత్తరాన ఒక జాలరిపేటలో పనిచేస్తున్న అప్పలనాయుడు నా దగ్గర శిక్షణ పొందినవాడే. అతని నుండి కార్డు వచ్చింది. "అయ్యగారూ, మూడు వారాలుగా బడికి ఒక్కరూ రావడం లేదు. నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఒక్కసారి రండి." పైఅధికారి మాత్రం ఒకటే మాట అన్నారు. నేను వెళ్లిన రోజున పలకలు పట్టిన మనుషులు కనబడకపోతే, ఆ బడి మూసేయమని నేనే రాసి ఇవ్వాలి.

డిసెంబరు మొదటి వారంలో, తుని స్టేషనులో తెల్లవారుజామున ఐదున్నర పాసింజరు ఎక్కాను. అనకాపల్లి దాటాక మంచు దట్టమైంది. దువ్వాడలో బండి ఆగితే, ఎదుటి బల్ల మీద కూర్చున్న ముసలి రైతు కిటికీలో నుంచి తూర్పుకేసి చూపించాడు. అక్కడ పైకప్పులు తీసేసిన ఇళ్ల గోడలు వరుసగా మంచులో తేలుతున్నాయి. స్టీలు ప్లాంటు కోసం ఖాళీ అయిన ఊరట.

"ఆ మూడో గోడ మాదే బాబూ. మా ఊరికి టిక్కెట్టియ్యమంటే ఇత్తన్నాడు గానీ, దిగితే ఊరు నేదు" అని నవ్వాడు. పక్కవాళ్లు కూడా నవ్వారు. బండి కదిలాక కూడా అతను ఆ గోడకేసే మెడ తిప్పి చూస్తూ ఉన్నాడు.

కంచరపాలెం దగ్గర సిగ్నలు లేక అరగంట ఆగిపోయాం. పట్టాల పక్క ఆరేసిన తెల్ల పంచెల మీద కూడా రేవు నుంచి వచ్చిన ఎర్ర ఇనుప దుమ్ము సన్నగా పట్టి ఉంది. పది దాటాక విశాఖపట్నంలో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని, పదకొండున్నరకు తగరపువలస బస్సు ఎక్కాను. అక్కడ బస్సు మారాలి. ఆ రెండో బస్సులో చేపలు అమ్ముకొని ఖాళీ తట్టతో తిరిగి వస్తున్న ఒక ముసలావిడ నా పక్కన కూర్చుంది. ఎక్కడికని అడిగితే పేట పేరు, బడి సంగతి చెప్పాను.

ఆమె తట్ట తీసి ఒళ్లో పెట్టుకొని కాస్త ఎడంగా జరిగింది.

"ఆ బడికా? ఆ మేస్టరు మనిసిని సంపేసినాడు కదేటి."

"ఎవరిని?"

"పోలయ్యని. కలంతో" అంది. తట్ట ఎత్తుకొని వెనక బల్లకు వెళ్లిపోయింది.

దిగాల్సిన చోట కండక్టరు ఈల వేశాడు. రోడ్డు నుండి పేటకు సరుగుడు తోపులో రెండు మైళ్ల నడక. ఎవరైనా వెళ్లదలిస్తే మధ్యాహ్నమే వెళ్లండి. ఆ తోపులో గాలి, దూరాన చాలామంది ఒకే పాఠం వల్లె వేస్తున్నట్టు వినిపిస్తుంది. ఆగి చెవి పెడితే అక్షరం ఒక్కటీ తెలియదు. నేను గట్టిగా ప్రార్థన చేసుకుంటూ నడిచాను.

మూడు గంటలకు పేట చేరాను. తాటాకు పాకలో చాపలు పరిచి ఉన్నాయి. చాపల మీద ఇరవై రెండు పలకలు వరుసగా, ఎవరి చోట వారివి ఉన్నాయి. మనుషులు లేరు. పాక ఎదురుగా ఒక గుడిసె గడపలో, పట్టపగలు, దీపం వెలుగుతోంది.

అప్పలనాయుడు వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన కుర్రవాడు. సముద్రం పక్కన బతకడం ఇదే మొదలు. చిక్కిపోయి ఉన్నాడు.

"నానేటీ సెయ్యనేదండి. మీరు సెప్పినట్టే సేసినాను" అంటూ హాజరు పట్టీ తెచ్చాడు. పదకొండో వరసలో 'పోలయ్య' అన్న పేరు మీద స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత ఉంది. తుపాను ముందు వేటకు వెళ్లిన పోలయ్య నావతో సహా తిరిగి రాలేదు. రెండు నెలలు కావస్తోంది. నెల రోజులు రానివారి పేరు కొట్టేయాలి, పట్టీ శుభ్రంగా ఉండాలి అని శిక్షణలో చెప్పింది నేనే.

దీపం ఉన్న గుడిసెలో నుండి ఒకామె బయటికి వచ్చింది. పోలయ్య భార్య నూకాలమ్మ. ముప్పై అయిదేళ్లుంటాయి. నుదుట బొట్టు, చేతుల నిండా గాజులు ఉన్నాయి.

"నువ్వేనా, గీత గీయమన్న బాబువి?"

అవునన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"గంగలోకి ఎల్లినోడు రాకపోతే మేం పోయినాడని అనం బాబూ. ఏటలో ఉన్నాడంటాం, గడపలో దీపం ఆరనియ్యం. ఒడ్డునున్నోళ్లు పోయినాడంటే, అక్కడ ఆడి సెయ్యి తెప్పని ఒగ్గేత్తాది. ఈ మేస్టరు అన్లేదు, రాసేసినాడు. అంటే గాల్లో పోద్ది. రాత్తే పోద్దేటి?"

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చదువు నేర్చుకోవాలని ఎందుకు అనిపించిందని అడిగాను.

"నావ ముక్కు మీద నా పేరు రాయించినాడు, 'నూకాలు' అని. నాకు సదవడం రాదు. ఇప్పుడు సెక్కలు కొట్టుకొత్తన్నాయి. ఇది మనది గాదే అంటారు. నిజిమే సెప్తన్నారో, నా మొకం సూసి దాత్తన్నారో నాకేటి తెలుసు? నా పేరు ఎలాగుంటాదో సూపించు అంటే, ముందు 'అ' రావాల అన్నాడు. మూడు నెల్లు అ ఆ ఇ ఈ దిద్దినాను. 'న' ఎప్పుడొత్తాదంటే, వరసలో వత్తాదన్నాడు."

ఆ వరస కూడా నేను నేర్పిందే. సోదరులారా, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందను విడిచి వెళ్లిన కాపరి గురించి నేను ఎన్ని ఆదివారాలు చెప్పి ఉంటానో! ఆ కాపరి లెక్క సరిచేసుకోవడానికి తప్పిపోయినదాని పేరు కొట్టేయలేదు. ఆ పని నేను చేశాను.

నాలుగు గంటలకు వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ల దగ్గరికి వెళ్లాను. నావలను నడిపించే పెద్ద, తండేలు ఎర్రయ్య, తల ఎత్తలేదు. తప్పు కుర్రవాడిది కాదు, నాదని చెప్పాను. అందరూ చూస్తుండగా పట్టీలో ఇరవై మూడో వరసలో 'పోలయ్య' అని నా చేత్తో మళ్లీ రాశాను.

ఎర్రయ్య ఆ పేజీని చాలాసేపు చూశాడు. "పోలయ్య అని రాసినాడో, ఉడికిన రొయ్య అని రాసినాడో, మనకేటి తెలుసు బావా?" అని పక్కవాడితో అన్నాడు. ఇద్దరో ముగ్గురో నవ్వారు. "దా, సూద్దాం" అని లేచాడు. అతని వెనక మిగిలినవాళ్లు లేచారు.

పాకలో ఎవరి పలక దగ్గర వారు కూర్చున్నారు. పోలయ్య చాప మీద నూకాలమ్మ అతని పలక సర్ది పెట్టింది. నేను పేర్లు పిలిచాను. ఒక్కొక్కరే పలికారు. చివర పోలయ్య పేరు పిలిచాను. ఆడా మగా అందరూ సముద్రం వైపు తిరిగి ఒకే గొంతుతో, "ఏటలో ఉన్నాడు!" అన్నారు.

 దూరాన రేవుకు వెళ్తున్న ఓడ ఏదో అప్పుడే దీర్ఘంగా కూత వేసింది. ఖాళీ చాప మీది పలకకు ఉప్పుగాలి తడి పట్టి, ఎవరో ఇప్పుడే తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది. అది గాలి తడేనని నాకు తెలుసు. అయినా ఆ వైపు మళ్లీ చూడలేకపోయాను.

పుస్తకం మూసేసి, ఎవరికి ఏ మాట కావాలో అడిగాను. చేపలమ్మే ఆడవాళ్లు బస్సు బోర్డు మీద 'తగరపువలస' కావాలన్నారు. రేవులో కూలికి వెళ్లే ఒకతను గేటు దగ్గర చూపించే కాగితంలో తన పేరు ఎక్కడుందో తెలియాలన్నాడు. ఎర్రయ్య తన నావ పేరు అడిగాడు. మూడు నెలలుగా ఆవులిస్తూ కూర్చున్నవాళ్లని అప్పలనాయుడు చెప్పిన ఆ మనుషులే ఆ సాయంత్రం బలపాలు అరిగేలా దిద్దారు. అప్పలనాయుడు చాప నుంచి చాపకు తిరుగుతూ, వాళ్ల మోచేతుల పక్కనే కూర్చొని చూపించాడు. నూకాలమ్మ మూడే అక్షరాలు దిద్దింది. నూ. కా. లు. వెలుగు తగ్గి పాక ఖాళీ అయ్యాక కూడా తడి ఇసుకలో వేలితో రాస్తూనే ఉంది. అల వచ్చి చెరిపేది. ఆమె మళ్లీ రాసేది.

నేను అప్పలనాయుడి గదిలో పడుకున్నాను. పొద్దున్న ఆరు గంటలకు కేకలు విని ఒడ్డుకు పరుగెత్తాము. మంచులో పదడుగుల దూరం కనబడటం లేదు. నాచు పట్టిన బారెడు చెక్క ఒకటి ఇసుకలో బోర్లా పడి ఉంది. దాని మీద ఎర్రయ్య కూర్చొని ఉన్నాడు. చుట్టూ అందరూ చేరారు.

నూకాలమ్మ వచ్చింది. "లెగు మావా."

"ఇది మనది గాదే అమ్మా. ఎవులిదో పరాయిది."

"పరాయిదైతే కూకున్నావెందుకు? లెగు."

ముసలాయన లేచాడు. ఎవరూ సాయం పట్టలేదు. ఆమె ఒక్కతే చెక్కను తిప్పి, కొంగుతో నాచు తుడిచింది. నీలిరంగు మీద తెల్ల అక్షరాలు కనిపించాయి. మొదటిదాని మీద వేలు పెట్టింది. పెదవులు కదిలాయి. రెండోది. మూడోది. మళ్లీ మొదటికి వచ్చి, గట్టిగా చదివింది.

"నూకాలు."

ఎర్రయ్య మొహం కప్పుకున్నాడు. "ముందొచ్చినియ్యి నిజింగా పరాయియే తల్లీ. నీకెప్పుడూ అబద్దం సెప్పనేదు. ఇది మాత్రం..."

"తెలుసు మావా. ఇప్పుడు తెలిసింది" అని, ఆమె అప్పలనాయుడికేసి తిరిగింది. "మేస్టరూ, పట్టీ తే. పేర్లు పిలువు."

అతను పరుగెత్తి వెళ్లి పట్టీ తెచ్చాడు. ఆ మంచులో, ఆ చెక్క చుట్టూ నిలబడే అందరూ హాజరు పలికారు. చివరి పేరు దగ్గర అతను ఆగి ఆమెకేసి చూశాడు. ఆమె తల ఊపింది. పిలిచాడు. అలవాటు కొద్దీ అందరూ సముద్రం వైపు తిరిగి నోరు తెరవబోతే, ఆమె చెయ్యెత్తి ఆపింది. తనొక్కతే పలికింది.

"ఒడ్డుకొచ్చినాడు."

ఆ తరువాతే ఆడవాళ్లు ఏడ్చారు. ఎవరో వెళ్లి గడపలో దీపం కొండెక్కించారు.

పట్టీలో గీత గీయాలా అని అప్పలనాయుడు కళ్లతో అడిగాడు. వద్దని తల ఊపాను. ఆ పేరు ఇక ఆమెది. ఏం చేయాలో ఆమే చెబుతుంది.

తొమ్మిదిన్నర బస్సుకు తోపులో నడుస్తుంటే అదే గాలి, అదే వల్లె వేత. ఈసారి ఆగి వినలేదు. తగరపువలసలో బస్సు మారి విశాఖపట్నం చేరి, మధ్యాహ్నం పాసింజరులో కూర్చొని నివేదిక రాశాను. ఇరవై ఒక్కరు హాజరు, బడి నడవాలి అని. దువ్వాడలో బండి ఆగినప్పుడు ఆ పైకప్పు లేని గోడలను చూశాను. పెద్దవాళ్లు మన దగ్గరికి ఖాళీ పలకలతో రారు. ఏదో ఒక మాట చదవలేక వస్తారు. ఆ మాట ఏదో అడగక ముందే 'అ' దిద్దించడానికి కూర్చున్నాను. ఇన్నేళ్లు చేసిన పని ఇదా అని కిటికీకి తల ఆనించి కూర్చున్నాను.

ఇది చదువుతున్న మీరు, దయచేసి ఒక్క నిమిషం పత్రికను పక్కన పెట్టి నాతో ప్రార్థించండి. ప్రభువా, ఆ పేటలో ఆ పొద్దున తన పేరు తాను చదువుకున్న నూకాలమ్మను ఆదరించు. ఇంకా వేటలో ఉన్నవారినందరినీ నీవు పేరు పెట్టి పిలువు. మా చేతిలోని కలాలకు భయం నేర్పు. ఆమేన్.