బ్యాటు మనది

మొన్న మా అమ్మాయికి పెనుకొండలో క్రికెట్ మ్యాచ్ ఉందని సంచి కోసం అటకెక్కితే, మూలనుంచి పాత బ్యాటు చేతికి తగిలింది. మగ్గం విరిగినప్పుడు నాయన దాని చెక్కతో చెక్కిన బ్యాటు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంజి, మట్టి కలిసిన వాసన ఇంకా పోలేదు.

ధర్మవరంలో మా వీధి పొడుగునా అప్పట్లో మగ్గాల చప్పుడే. ఉగాదికి ఓళిగలు తిని, నెయ్యి చేతులు లంగాకు తుడుచుకుంటూ నేను అరుగు దిగేసరికే పెదనాయన కొడుకు శీనన్న గోడ మీద బొగ్గుతో వికెట్లు గీసి, జట్లు పంచేసి ఉండేవాడు. కాలవలో పడిన బంతి తేవడమే నా పని. బ్యాటు మా నాయనదే, అయినా నా చేతికి ఒక్కసారీ రాలేదు. ఆ ఉగాదికి మాత్రం నేను వికెట్ల ముందు నిలబడి కదలనన్నాను.

"బ్యాట్స్‌మన్ అంటే మగోడు. పక్కకు పో పాపా!" అన్నాడు శీనన్న.

అరుగు మీద పట్టు కండెలు చుడుతున్న అవ్వ రాట్నం ఆపింది. దొర్లుకుంటూ వచ్చిన బంతిని తొడ కింద పెట్టుకుంది.

"ఆ మాటలో యాడుండాడు రా మగోడు? బ్యాటు మన అనే కదా అరుస్తాండావు? మా అంటే మీ వరకే. మన అంటే పాప గూడా ఉండాది."

బంతి అవ్వ దగ్గరుంది కాబట్టి శీనన్న వ్యాకరణం ఒప్పుకున్నాడు. నేను మొదటి బంతికే అవుటయ్యాను. అయినా ఎంత సంతోషమో! అందరినీ చేసినట్టే నన్నూ అవుట్ చేశారు. మరునాడు నా వంతు రాగానే వాళ్ళే పిలిచారు.

హైస్కూల్లో ఇంగ్లీషు చదివాక, 'మ్యాన్' అంటే మగోడేనని, శీనన్న చెప్పిందే నిజమని తెలిసింది. ఎవరైనా బ్యాటు లాక్కుంటారేమోనన్న భయంతో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పెనుకొండ మైదానంలో మైకులో "బ్యాటర్" అని వినబడినప్పుడు నా గుండె మీంచి ఏళ్ళనాటి బరువు దిగింది. ఆడా మగా అందరికీ ఒకటే మాటట. హమ్మయ్య, ఇక ఎవరినీ బుకాయించనక్కర్లేదు. కానీ అవ్వ లేదు, అరుగు లేదు, మా వీధిలో మగ్గం చప్పుడూ లేదు. మాటలోంచి ఆమె 'మన' కూడా పోయిందే అనుకున్నాను.

అంతలో మా అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని లేచింది. గేటు దగ్గర గుమిగూడిన వాళ్ళను మైకాయన గదిమాడు.

"జరగండప్పా, మన బ్యాటర్ వస్తాంది!"