బొట్లు పెట్టిన అట్టపెట్టెలు

మా బడిలో కంప్యూటర్ల గదికి ఏడాదికి ఒక్కసారే తాళం తీసేవాళ్ళు. దసరాకు, ఆయుధపూజ రోజున. అట్టపెట్టెలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, మళ్ళీ తాళం వేసేవాళ్ళు. ఆ పెట్టెలు విప్పిన పాపాన ఎవరూ పోలేదు. "సార్, ఇది కంప్యూటర్ గదా, గుడా?" అని నేను ప్రతిసారీ అనేదాన్ని. హెడ్మాస్టరుగారు నవ్వి, నా చేతిలో కొబ్బరిముక్క పెట్టేవారు.

చెడ్డమనిషి కాదాయన. అంతకుముందు పనిచేసిన బడిలో కంప్యూటర్లు దొంగలెత్తుకుపోతే, స్టేషన్ చుట్టూ ఆఫీసుల చుట్టూ తిరిగి మనిషి సగమైపోయారట. అందుకే, గోడకు బిగించిన పెద్ద టచ్ బోర్డు తప్ప ఇంకేదీ పిల్లల చేతికి అందనిచ్చేవారు కాదు. ఆ బోర్డు మీదే నేను లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలు వేలితో గీసేవాళ్ళు, వేలితోనే చెరిపేవాళ్ళు. త్రిభుజాన్ని వేలితో తిప్పి చూపిస్తే వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. అబద్ధమెందుకు, ఆ బోర్డంటే నాకు మహా గర్వంగా ఉండేది.

మాది కర్నూలు జిల్లాలో ఆదోని దిక్కు ఊరు. వాన మొహం చాటేస్తే ఇళ్ళకు తాళాలు వేసి సుగ్గికి పోతారు. సుగ్గి అంటే వలస కూలి. గుంటూరు దిక్కు మిరపకోతలకు పిల్లాజెల్లాతో పోయి, ఎండలు ముదిరాక తిరిగి రావడం. అలా పోయిన పిల్లల్లో చాలామంది మళ్ళీ బడి గడప తొక్కరు.

ఆ ఏడు పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. నేను బోర్డు మీద లెక్క పూర్తిగా రాయకముందే జవాబు చెప్పేసేది. కర్నూలులో హాస్టలుతో సహా ఉచితంగా చదివించే కాలేజీ ఒకటుందనీ, దానికి ప్రవేశపరీక్ష పెడుతున్నారనీ తెలిసి, వాళ్ళ నాయన దగ్గరికి పోయాను.

"మీ మాట కాదనను మేడం," అన్నాడాయన. "పరీచ్చ బాగా రాసినానని పిల్ల తన నోటితో చెప్తే, వాళ్ళవ్వ దగ్గర ఇడిసిపోతా. లేదంటే మాతోపాటే బండెక్కాల. మేము సేనుకు పోతే సిన్నోన్ని ఎత్తుకునేటోళ్ళు లేరు."

పరీక్షేమో కంప్యూటర్ మీద. నేరుగా హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళి తాళంచెవి అడిగాను.

"ఇంకో ఏడాదిలో రిటైరవుతానమ్మా. మళ్ళీ స్టేషన్ మెట్లు ఎక్కించొద్దు. బోర్డు మీదే నేర్పు. తెర ఏదైనా తెరే కదా!"

"బోర్డుకు మౌసు ఉండదు సార్!"

ఆయన తాళంచెవి సొరుగులో పడేశారు. నాకు కోపం నషాళానికి అంటింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. పోనీ టౌనులో నెట్ సెంటరుకు తీసుకుపోదామంటే, అవి పత్తి తీసే రోజులు. ఆ పిల్ల పొద్దున్నే చేను నుంచి నేరుగా బడికి వచ్చేది, బడి వదలగానే తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. చివరికి దాని చేతికి సబ్బుపెట్టె ఇచ్చి, "ఇదే మౌసనుకో. ఇట్లా జరుపు, ఇట్లా నొక్కు" అని నేర్పాను. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పరీక్ష కర్నూలు పక్కనే కల్లూరులో. పిల్లతో, వాళ్ళ నాయనతో నేనూ పోయాను. పిల్లను లోపలికి పంపి, ఎదురుగా టీ బంకు నీడలో నిలబడ్డాం. ఆయన గొంతుకూర్చుని ఆ గేటునే చూస్తూ ఉన్నాడు. తెల్లారితే సుగ్గి బండి. మూటలు కట్టడం కూడా అయిపోయింది. నేను కొనిచ్చిన టీ ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

ముందుగా బయటికొచ్చిన టౌను పిల్లను ఆపి, ఎర్ర రిబ్బన్ల పిల్ల ఎట్లా రాస్తోందో చూశావా అని అడిగాను.

"ఆ పిల్లనా? స్క్రీన్ మీద వేలు పెట్టి నొక్కుతాంటే సార్ తిట్నాడు ఆంటీ."

వాళ్ళ నాయనకు వినపడిందేమోనని తిరిగి చూశాను. వినపడలేదు.

మా పిల్ల అందరికంటే చివర వచ్చింది. ఎదురుపోయి చెయ్యి పట్టుకుని, "బాగా రాశానని చెప్పు" అని చెవిలో అన్నాను. అవును, టీచరునై ఉండి అబద్ధం నేర్పాను. ఆ క్షణాన ఇంకేం తోచలేదు.

"ఏమి తల్లీ, ఎట్ల రాసినావు?" అన్నాడు వాళ్ళ నాయన.

అది నా వైపు చూసింది, నాయన వైపు చూసింది. "సరిగా రాయలే నాయనా. అన్నీ వచ్చిన లెక్కలే. ఆ బాణం గుర్తు నేను పొమ్మన్న తావుకు పోలే. సగం కాకముందే టైమైపోయినాది."

ఆయన తిట్టలేదు. "సరే, పా" అని బస్టాండు దిక్కు నడిచాడు.

మరునాడు పొద్దున్నే సుగ్గి బండి బడి ముందరే ఆగింది. మూటలు, గిన్నెలు, కోళ్ళగంప, వాటి మీద ఆ పిల్ల ఆకుపచ్చ సంచి. నేను హెడ్మాస్టరుగారి ముందుకు పోయి నిలబడ్డాను.

"సార్, అదిగో కిటికీలోంచి చూడండి. ఆ పిల్ల పోతోంది. బండి కదిలేలోగా మీరు తాళం తీయకపోతే నేనే రాయి తీసుకుని పగలగొడతా. కేసు నా మీదే పెట్టండి!"

ఆయన కిటికీలోంచి చూశారు. తర్వాత తాళంచెవి తీసుకుని ముందు నడిచారు. ఏడాదికోసారి తీసే తాళం ఒక పట్టాన రాలేదు. లోపల మొదటి పెట్టె మీద బొట్టు ఎండి పెచ్చులూడుతోంది. అట్ట చించి, తీగలన్నీ తగిలించాను. తెర వెలగ్గానే పిల్లను కేకేశాను. వెనకే వాళ్ళ నాయన వచ్చి, చెప్పులు బయట విడిచి, గడప దగ్గర నిలబడ్డాడు.

పిల్ల మౌసు పట్టుకుంది. బాణం తెర అంచుకు పరిగెత్తింది. వెనక్కి లాగింది. మళ్ళీ పరిగెత్తింది. మెల్లగా లాగింది. బయట బండివాడు రెండోసారి హారన్ కొట్టేసరికి తెర మీద త్రిభుజం గీసేసింది, మూడు కొసలూ కలిపి.

దాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంతేనా మేడం? దీనికేనా నా సీటు పోయినాది?"

హెడ్మాస్టరుగారు గోడ వైపు తిరిగారు.

"ఇంగో పరీచ్చ ఏమన్నా ఉండాదా మేడం?" అన్నాడు వాళ్ళ నాయన గడప అవతలి నుంచే.

"ఉందప్పా. ఇంకో కాలేజీది, ఎండాకాలంలో."

"అంతవరకు ఈ గది తీసే ఉంటాదా?"

నేను నోరు విప్పకముందే హెడ్మాస్టరుగారు తాళంచెవి తెచ్చి, పిల్ల పక్కన బల్ల మీద పెట్టారు. "ఉంటుందయ్యా" అన్నారు.

పిల్ల నాయన చెప్పులు తొడుక్కుని బండి దగ్గరికి పోయాడు.

"పైన ఆ పచ్చ సంచి ఉండాది సూడప్పా, అది దించు. పిల్ల రాదు."