ప్లాట్‌ఫారం మీద కనిపించని జనం

బాపట్ల వైపు ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పడానికి చేరిన కొత్తలో, మందు విస్తరణ గురించి, అంటే మింగిన మందు ఒంట్లో ఎక్కడెక్కడికి చేరుతుందన్న దాని గురించి, నాకు తెలిసింది తక్కువ. విస్తరి ముందున్నంత ధైర్యం బోర్డు ముందు ఉండేది కాదు. మనిషి ఒంట్లో రక్తం ఐదు లీటర్లు. ఒక గుండె మాత్ర మాత్రం, రక్తంలో ఎంత పల్చగా దొరికిందో చూసి లెక్కేస్తే, వందల లీటర్లలో కలిసినట్టు తేలుతుంది. ఎలాగని పిల్లలడిగితే, "అది ఊహా పరిమాణం, రాసుకోండి" అనేవాణ్ణి. ఏళ్ళ తరబడి వాళ్ళు రాసుకున్నారు.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, సువార్త అనే అమ్మాయి రేపల్లె నుంచి వచ్చేది. పొద్దున్నే అమ్మకు గుండె మాత్ర ఇచ్చి, రేపల్లె పాసింజరెక్కి, తెనాలిలో దిగి బాపట్ల రైలు పట్టుకునేది. చదువంతా రైల్లో నిలబడే. అంతకుముందు ఏడు వాళ్ళమ్మ, పూట గడిస్తే మందు ఒంట్లోంచి పోతుందనుకుని అదనంగా మాత్రలు మింగి ఆస్పత్రి పాలైంది. అమ్మ దగ్గరే ఉండిపోయి సువార్తకు పరీక్ష తప్పిపోయింది. ఈసారీ పోతే, తెనాలి ఆస్పత్రిలో ఇస్తామన్న ఉద్యోగం కూడా పోతుంది.

మౌఖిక పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వస్తారు. ప్రశ్న ఆయనది, మార్కుల కలమూ ఆయనదే. మా కాలేజీ తరఫు ఇంటర్నల్‌గా నా పని పిల్లల్ని పిలవడం, ఆయన టిఫిన్ చూడడం. ఆయన సరిగ్గా ఆ వందల లీటర్ల సంగతే అడిగారు.

సువార్త రైలు దగ్గర మొదలుపెట్టింది.

"తెనాల్లో మా బండి నిండా జనం దిగుతారండి. కాసేపాగి ప్లాట్‌ఫారం మీద చూస్తే అక్కడొకరు, ఇక్కడొకరు. అందరూ అంతే పల్చగా నిలబడ్డారనుకుంటే, ప్లాట్‌ఫారం పక్కూరు అంగలకుదురు దాకా ఉండాలి గదండీ! లేదు. జనమంతా బయట ఇడ్లీ బండి దగ్గర మూగారు. ప్లాట్‌ఫారం రక్తమండి, ఇడ్లీ బండి కండ. రక్తంలో కనపడనంత మాత్రాన మందు ఒంట్లో లేనట్టు కాదండి. అది తెలీకే మా అమ్మ ఇంకోటి మింగింది."

ఎక్స్‌టర్నల్ నవ్వారు. "ఏ పుస్తకంలో ఉందమ్మా ఇది?"

"పుస్తకంలో లేదండి."

కలం మార్కుల గడి దగ్గర ఆగింది. టిఫిన్ గురించి తప్ప నోరెత్తకూడని నేను, "ఒక లెక్క ఇచ్చి చూడండి సార్" అన్నాను. ఇచ్చారు. చేసింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కించారు. ఉద్యోగం నిలిచింది.

మరుసటి ఏడు నన్ను ఆయన కాలేజీకే ఎక్స్‌టర్నల్‌గా వేశారు. ఈసారి ఇంటర్నల్ ఆయన. నేను అదే ప్రశ్న అడిగాను. మొదటి అమ్మాయి తడుముకోకుండా జనాన్ని రైలు దింపి, ప్లాట్‌ఫారం ఖాళీ చేసి, ఇడ్లీ బండి దాకా చేర్చింది. నేనూ అప్పటి ఆయన మాటే అడిగాను.

"ఏ పుస్తకంలో ఉందమ్మా ఇది?"

"పుస్తకంలో లేదండి. మా సారే సొంతంగా చెప్పారండి."

సారు ఫ్యాను వంక చూస్తున్నారు.

తనకు అర్థం కానిదాన్ని రాసుకోమనేవాడు పాఠం చెప్పినట్టు కాదని నాకు ఉద్యోగం చివర్లో తెలిసింది. ఆ అమ్మాయికి నిండుగా మార్కులు వేశాను. ఆ తర్వాత సాయంత్రం దాకా వచ్చిన ప్రతి విద్యార్థినీ అదే ప్రశ్న అడిగాను, ఏ పుస్తకంలో ఉందన్నదీ వదలకుండా.