బ్రేకు మీద నా కాలు

మొన్న గుంటూరులో కారు సర్వీసుకిస్తే, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి మెకానిక్ ఏదో యంత్రం తగిలించి, పెడల్ దగ్గర మనిషెవరూ లేకుండానే నాలుగు చక్రాల పనీ ఒక్కడే కానిచ్చేశాడు. అద్దాల గదిలో మావారి పక్కన కూర్చుని చూస్తున్న నాకు కుడికాలి పిక్క ఊరికే లాగింది. ఇంటి దగ్గరే కారు బాగుచేసుకునే భర్తతో కాపురం చేసినవాళ్ళు మీలో ఉంటే, ఆ నొప్పేమిటో వాళ్ళకి తెలుస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము దర్శిలో ఉండేవాళ్ళం. నేను బడిలో టీచర్ని, మావారు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. సెకండ్ హ్యాండులో కొన్న మా పాత కారు మీద ఆయన పరాయి చెయ్యి పడనిచ్చేవారు కాదు. బ్రేకుల్లో గాలి తీయాల్సి వస్తే ఆయన చక్రం పక్కన పడుకోవడం, నేను డ్రైవరు సీట్లో కూర్చోవడం. మిల్లు మోతకి ఆయన చెవులు అప్పటికే సగం మొద్దుబారాయి గనక మా మధ్య మాటలుండేవి కావు, స్పానరు దెబ్బలే. ఒక దెబ్బకి నేను పెడల్ తొక్కిపట్టాలి, ఆయన చక్రం దగ్గరి నట్టు వదులు చేస్తే బుడగలతో బ్రేకు ఆయిలు సీసాలోకి కారేది. మళ్ళీ బిగించి రెండు దెబ్బలు కొట్టాకే నేను కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి తిరిగి లోపలికొస్తుంది, పని మొదటికొస్తుంది. టీచరమ్మ రోజూ కారు నేర్చుకుంటోంది గానీ కారు మాత్రం కదలడం లేదని ఇరుగుపొరుగు నవ్వేవారు.

ఒక సాయంత్రం, మర్నాడు అత్తగారిని గుంటూరు బ్రాడీపేటలో కంటి డాక్టరుకి చూపించాలి కదా అని ఆ పని పెట్టుకున్నాం. పరీక్షల రోజులు, దిద్దాల్సిన పేపర్లు సంచిలో ఉండగానే వచ్చి సీట్లో కూలబడ్డాను. మూడు చక్రాలయ్యాయి. నాలుగోదాని దగ్గర కునుకు పట్టి నా కాలు జారింది, రెండు దెబ్బలు ఆ తర్వాత పడ్డాయి. తొక్కి చూస్తే పెడల్ మెత్తగా లోపలికి దిగింది, గాలి మళ్ళీ చేరిందన్నమాట. ఆయన తల బయటపెట్టి గట్టిగా ఉందా అని అడిగారు. లేదంటే ఇంకో గంట అక్కడే కూర్చోవాలి, పొయ్యి మీద ఇంకా ఎసరైనా పెట్టలేదు. గట్టిగానే ఉందండీ అన్నాను. ఆయన తలూపి చేతులు తుడుచుకున్నారు. నా కాలి మీద ఆయనకంత గురి.

పొద్దున ఊరు దాటగానే గుంటూరు రోడ్డులో, దారికి సగం మేర మిరపకాయలు ఆరబోసిన చోట, గేదె అడ్డొచ్చింది. బ్రేకు అడుగంటా దిగిపోయింది. ఆయన స్టీరింగు తిప్పేసరికి కారు మిరపకాయల రాశిలోకి దూసుకుపోయి ఆగింది. వెనక నా పక్కనున్న అత్తగారి నుదురు ముందు సీటుకి కొట్టుకుని కనుబొమ చిట్లింది.

"ఏరా, కళ్ళు నెత్తికెక్కాయా!" అంటూ వచ్చిన రైతు, నెత్తురు చూసి, "అయ్యో, ముందు పెద్దామెను దించండి" అని నీళ్ళ బిందె తెచ్చాడు. మావారు చేతులు జోడించి, తప్పు నాదేనండీ, నట్టు సరిగా బిగించినట్టు లేను అన్నారు. కాయల ఘాటుకి అందరం దగ్గుతున్నాం. నేను మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు దగ్గాను.

అత్తగారి గాయం మానింది. మావారు మాత్రం స్పానర్ల పెట్టె అటకెక్కించేశారు. మిల్లులో ఏ యంత్రం మొరాయించినా ముందు ఆయన్నే పిలిచేవారు, అలాంటి మనిషి కారుకి బల్బు మార్చాలన్నా మెకానిక్ దగ్గరికి పోయేవారు, తన చేతిని ఇక నమ్మలేనని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపేశాను. సిగ్గుగానే ఉంది.

మొన్న పని అయ్యాక మెకానిక్ పెడల్ చూసుకోమని పిలిస్తే, మావారు నన్ను ముందుకి తోశారు.

"నువ్వు తొక్కి చూడు, నీ కాలికే తెలుస్తుంది."

తొక్కాను, రాయిలా ఉంది. గట్టిగా ఉందని ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. ఇప్పుడీ పనికి రెండో మనిషి అక్కర్లేదు, అలిసిపోయి అబద్ధమాడేవాళ్ళ అవసరమూ లేదు, మంచిదే. ఆయన మాత్రం ఆనాటిలాగే, ఇంకేమీ అడగకుండా, నా మాటకి తలూపారు.