కోటిరత్నం పుక్కిలించిన పన్నెండేళ్ళు

పెళ్ళయిన మూడో వారంలో రంగనాయకులు కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా, తల్లివైపు తిరిగి అన్నాడు. "దీని నోరు వాసనే అమ్మా. దగ్గరికొస్తే కంపు." కోటిరత్నం అక్కడే ఉంది, అతనికి నెయ్యి వడ్డిస్తూ. ఆ మాటేదో ఆమెతోనే అనవచ్చు కదా అని మీరడగవచ్చు. రేపల్లెలో ఆ ఇంట్లో కోడలి లోపాలు కోడలికి చెప్పే అలవాటు లేదు. అత్తగారికి చెబుతారు, ఆవిడ ఊరికి చెబుతుంది.

అది 1962. కోటిరత్నానిది బాపట్ల. వాళ్ళ వీధిలో ఎవరింట పెళ్ళి జరిగినా తలంబ్రాల వేళ పాట ఆమే ఎత్తుకోవాలి. ఆమె గొంతు విప్పితే పక్కవీధివాళ్ళు కూడా చేతిలో పని ఆపేవారు. అంతటి పిల్ల ఆ రోజు పెరట్లోకి పోయి, దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి వదిలి చూసుకుంది. ఏమీ తెలియలేదు. తిరిగివచ్చి, ఆ ఇంటి ఆచారం ప్రకారం మొగుడు తిన్న కంచంలోనే అన్నం పెట్టుకుంది. అతని ఎంగిలి గ్లాసులోనే నీళ్ళు పోసుకుని ఎత్తింది. అప్పుడు గుప్పున తగిలింది, ఎక్కడో ఎలుక చచ్చినట్టు. నిజమే, నా నోరే, అనుకుంది.

అక్కడ మొదలయింది పుక్కిలింత. ఉప్పునీళ్ళు, పటికనీళ్ళు, తుమ్మబెరడు కషాయం, జామాకు కషాయం. పొద్దున లేచింది మొదలు ఆమె బుగ్గలు ఏదో ఒకటి నింపుకునే ఉండేవి. పొన్నూరు నుంచి వచ్చిన చుట్టమొకావిడ లవంగాలు నమలమంటే నమిలింది. మాట్లాడేటప్పుడు పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. రంగనాయకులు మంచం వసారాలోకి మార్చాడు. వాసన అక్కడికీ వచ్చేది. "గోడలు దాటి వస్తోందే, ఏం నోరే అది!" అని లోపలికి వినబడేలా విసుక్కునేవాడు.

రెండేళ్ళకు తులసి పుట్టింది. పురిటిమంచం దగ్గరే అత్తగారు లక్ష్మమ్మ కట్టడి చేసింది. "పిల్ల మొహం మీద ఊపిరి వదలమాక. ఆ రోగం దానికీ అంటుద్ది." కోటిరత్నం మొహం పక్కకు తిప్పుకుని పాలిచ్చింది. ఒక్క ముద్దు పెట్టుకోలేదు. జోలపాట నానమ్మే పాడేది, శ్రుతీ లయా లేని గొంతుతో. బాపట్ల గొంతు తలుపు ఇవతల నిలబడి వినేది. నిజం చెప్పాలంటే ఆమెకు మొగుడి మంచం మీద బెంగ లేదు. కూతురి చెవి దగ్గర నోరు పెట్టి నాలుగు మాటలు చెప్పుకోవాలి, ఒక పాట పాడాలి. అందుకోసమే ఎవరే మందు చెబితే ఆ మందు వాడింది.

ఆ ఊరి కాంపౌండరు ఒకాయన ఊదారంగు పలుకులు పొట్లం కట్టి ఇచ్చాడు. పర్మాంగనేటు. "గ్లాసుడు నీళ్ళలో ఒక్క పలుకేనమ్మా. నీళ్ళు లేత గులాబిరంగు తిరిగితే చాలు," అని మరీమరీ చెప్పాడు. వాసన తగ్గలేదని రెండు పలుకులు వేసింది. అప్పటికీ తగ్గలేదని మొగుడంటే చిటికెడు వేసింది. నీళ్ళు వంకాయరంగుకు వచ్చేవి. పళ్ళు గోధుమరంగు తిరిగాయి. నాలుక మీదా బుగ్గల లోపలా పుళ్ళు లేచాయి. ఇక కారం లేదు, పులుపు లేదు, ఏళ్ళ తరబడి మజ్జిగన్నమే. లక్ష్మమ్మ ఆ పుళ్ళు ఇరుగుపొరుగుకు చూపించి, "చూశారా, లోపలి కుళ్ళు బయటపడతంది," అంది. చెల్లెలు ప్రమీల పెళ్ళికి బాపట్ల వెళితే, తలంబ్రాల వేళ అందరూ ఆమెను పాడమన్నారు. నోరు పూసిందని చెప్పి, పొయ్యిల దగ్గరికి పోయి నిలబడింది.

1974లో రంగనాయకులు బుగ్గ వాచింది. పై దవడ పన్ను. మూడు రోజులు ఇల్లంతా అదిరేలా మూలిగి, నాలుగో రోజు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని తెనాలి రైలెక్కాడు. అక్కడి పళ్ళ డాక్టరు పన్ను పీకితే, దాని వెనకే చీము వచ్చింది. గదంతా వాసన కమ్మేసింది. పన్నెండేళ్ళుగా ఎరిగిన వాసన. కోటిరత్నం అలవాటుగా చెంగు తన నోటికే అడ్డం పెట్టుకుంది.

"ఎన్నేళ్ళుగా కుళ్ళుతోందండీ ఇది? చీము ముక్కు వెనకదాకా పోయింది. మీకు వాసన తెలియలేదా?" అన్నాడు డాక్టరు.

"వాసన నాది కాదండి, మా ఆవిడది," అన్నాడు రంగనాయకులు, దూది కరిచిపట్టిన నోటితో. "దానిక్కూడా ఏదన్నా మందు రాయండి."

డాక్టరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి, వంగి చూశాడు. ఇన్నేళ్ళలో అంత దగ్గరికి వచ్చి మొహం తిప్పుకోని మనిషి ఆయనొక్కడే.

"ఈ నోట్లో వాసనేం లేదమ్మా. మందుతో కాల్చుకున్న పుళ్ళివి. ఇంక ఆ పలుకులు ముట్టుకోకండి," అన్నాడు. తరవాత రంగనాయకులు వైపు తిరిగాడు. "వాసన మీ పంటిదండి. మీలోనే ఉంది కాబట్టి మీరెక్కడికి పోతే అక్కడికి వచ్చింది."

పుక్కిలించడానికి ఎర్రమందు సీసా ఇచ్చాడు, రంగనాయకులుకి.

అప్పుడు గుర్తుకొచ్చింది ఆమెకు, ఆ ఎంగిలి గ్లాసు.

తిరుగు రైల్లో అతను కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు. తప్పయిందన్న మాట అటుంచండి, నొప్పి తగ్గిందా అని ఆమె అడిగితే రుమాలు బుగ్గకు అదుముకుని ఇంకాస్త అటు తిరిగాడు. పది రోజులు ఆమే నీళ్ళు కాచి మందు కలిపి ఇచ్చింది, అతను పెరట్లో నిలబడి గుడగుడమని పుక్కిలించాడు. పదకొండో రోజు కంచం ముందు కూర్చుని తల్లితో అన్నాడు. "దీని వాసన పోయిందమ్మా. తెనాలి డాక్టరు మందు భలే పనిచేసింది."

కోటిరత్నం నెయ్యిగిన్నె కింద పెట్టింది. "ఆ మందు పుక్కిలించిందెవరో కూడా చెప్పండి అత్తయ్యకి," అంది. చెంగు అడ్డం లేకుండానే అంది.

లక్ష్మమ్మ కొడుకు మొహం చూసింది. తెలియాల్సింది తెలిసింది. "పోయిందిగా! ఇంకా ఎందుకే తవ్వుతావు? కూర వడ్డించు," అంది.

కోటిరత్నానికి ఒళ్ళు మండిపోయింది. కూర వాళ్ళనే వడ్డించుకోమని వసారాలోకి వచ్చేసింది. పదేళ్ళ తులసి అక్కడ జడ విప్పుకుని కూర్చుని ఉంది. వెనక కూర్చుని పాయలు తీసింది. సగం జడ అల్లాక ఇక ఆగలేక, పిల్ల చెవి మీదికి వంగి నోరు తెరిచింది.

తులసి చప్పున మెడ పక్కకు లాక్కుని, రెండు వేళ్ళతో ముక్కు మూసుకుంది. "దూరంగా ఉండి చెప్పమ్మా. నానమ్మ తిడుతుంది."

కోటిరత్నం వెనక్కి జరిగింది. పమిటచెంగు నోట కరుచుకుని, మిగతా జడ అల్లింది.